ఎబర్లె గారి మెట్ల విచారణ

జర్మనీలోని ట్యూబింగెన్ ఊళ్ళో, మా వీధిలో ఎబర్లె గారిని ఎరగనివాళ్ళు లేరు. ఆవిడకున్న జబ్బు ఒక్కటే. తన ఇంటి మెట్ల మీద చిటికెడు దుమ్ము కనబడితే తుడిపించి ఊరుకోరు, ఆ దుమ్ము పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలియాలి. ఎక్కడ పుట్టింది, ఎవరి బూటుతో వచ్చింది, వచ్చింది ఈ మెట్టు మీదే ఎందుకు ఆగింది, అంతా "మొదట్నుంచి, వరసగా" చెప్పాలి. చెప్పేదాకా ఆవిడ మెట్టు మీద దిండు వేసుకుని కూర్చుంటారు. డెబ్భై ఆరేళ్ళ మోకాళ్ళు కాబట్టి, ఒకసారి కూర్చున్నాక అంత తొందరగా లేవరు.

ఆ ఇంట్లో కింద రాపోల్డ్ అనే రిటైరైన బస్సు డ్రైవరు, మధ్య అంతస్తులో ఎబర్లె గారు, పైన అటక గదిలో నతేలా ఉండేవారు. నతేలా జార్జియా దేశంలోని కుతైసీ నుంచి జర్మన్ భాష, సంస్కృతి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. కాగితం మీద ఆ పిల్లకు తిరుగులేదు. నోరు విప్పడమే గండం. రొట్టెల కొట్లో కూడా కావలసినదాన్ని వేలితో చూపించి తెచ్చుకునేది. అక్టోబరులో పదిహేను నిమిషాల మౌఖిక పరీక్షకు వెళ్ళి, మూడో నిమిషంలో నాలుక అంగిటికి అతుక్కుపోయి, తప్పి వచ్చింది. ఫిబ్రవరిలో ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే పెట్టె సర్దుకుని ఇంటిదారి పట్టాల్సిందే.

మా వైపు ఊడ్పు వారం అని ఒక ఆచారం ఉంది. ఎవరి తలుపుకు చెక్కపలక వేలాడితే ఆ వారం మెట్లూ, ఇంటి ముందు కాలిబాటా వాళ్ళ పూచీ. శనివారం సాయంత్రానికల్లా అద్దంలా ఉండాలి. రాజులు పోయారు, డబ్బు పేరు మారింది, పలక మాత్రం అలాగే ఉంది.

నవంబరులో నతేలా మొదటిసారి ఊడ్చిన రోజున ఎబర్లె గారు మెట్లు దిగుతూ ఠక్కున ఆగారు.

"ఇదేమిటి పిల్లా?"

"ఆకు."

"ఆకని నాకూ తెలుసు. మధ్య అంతస్తు దాకా ఎలా ఎక్కింది?"

"గాలికి."

"వీధి తలుపు మూసుంటే గాలెక్కడిది? మొదట్నుంచి, వరసగా చెప్పు." దిండు పడింది.

నతేలాకు ముచ్చెమటలు పట్టాయి. తలుపు తెరిచానంది. ఎందుకు తెరిచావన్నారు. చీపురు దులపడానికంది. చీపురు లోపలికి తెచ్చేటప్పుడు చూసుకున్నావా అన్నారు. ఇరవై నిమిషాలకు గాని ఆకు కథ ఒక కొలిక్కి రాలేదు. "ఊఁ, నాకు నమ్మకం కుదరడం లేదు. వచ్చేసారి చూద్దాం" అని ఆవిడ రెయిలింగు పట్టుకుని లేచారు.

తర్వాతి సారి రొట్టె పొడి దొరికింది. ఆ తర్వాత ఎర్ర ఊలు దారం. తన దగ్గర ఎర్రటిదేదీ లేదని నిరూపించుకోవడానికి నతేలా తన బట్టలన్నీ పేరు పేరునా వర్ణించాల్సి వచ్చింది.

ఇది చాలదన్నట్టు ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీ సీసాలు పట్టుకెళ్ళి వీధి చివరి డబ్బాలో పడేసింది. మొదటి సీసా భళ్ళుమనగానే ఏడు కిటికీలు తెరుచుకున్నాయి. ఆదివారం మా దగ్గర సుత్తి మోగకూడదు, సీసా పగలకూడదు. మొగుడూ పెళ్ళాలు కూడా గొంతు తగ్గించే పోట్లాడుకుంటారు. తిరిగొచ్చేసరికి ఎబర్లె గారు గుమ్మంలోనే ఉన్నారు.

"మీ ఊళ్ళో ఆదివారాలు ఇలాగే చప్పుడు చేస్తారా?"

"లేదండీ... ఇంకా ఎక్కువ చేస్తారు."

"ఎవరెవరు? లోపలికి రా. వరసగా చెప్పు."

చెప్పింది పాపం. ఇరవై మంది పట్టే బల్ల గురించి, గ్లాసు ఎత్తినప్పుడల్లా ఒక ఉపన్యాసం ఇచ్చే గురామ్ మామయ్య గురించి, ఆయన్ని కూర్చోమని కసిరే అమ్మమ్మ గురించి చెప్పింది. కాఫీ రెండుసార్లు కాచారు, యాపిల్ కేకు సగం అయిపోయింది. చివరకు ఎబర్లె గారు అడిగిందొక్కటే: "వాళ్ళందరూ వెళ్ళాక ఆ ఇంటి మెట్లు ఎవరు ఊడుస్తారు?"

ఓ రోజు నతేలా తన గోడు రాపోల్డ్‌తో చెప్పుకుంది. ఆయన నవ్వేశాడు. "నన్ను పదకొండేళ్ళలో ఒక్క ముక్క అడగలేదమ్మాయ్. బురద బూట్లతో ఎక్కినా 'బాగున్నావా రాపోల్డ్' అంటుందంతే!"

ఆ మాట నతేలా గుండెలో ముల్లులా దిగింది. అయితే ఈ విచారణలన్నీ తన ఒక్కదానికేనన్నమాట. పరాయి దేశపు పిల్లనని.

ఫిబ్రవరి వచ్చింది. పరీక్ష మంగళవారం. ఆ ముందు శనివారం తలుపు తీస్తే వరసగా మూడో వారం కూడా పలక తనకే వేలాడుతోంది. ఇక ఓపిక నశించింది. పలక పీకి దడదడా దిగి ఎబర్లె గారి తలుపు బాదింది.

"వరసగా చెబుతాను, వినండి! పోయిన వారం నాది, అంతకు ముందు వారమూ నాదే. ఈ వారం రాపోల్డ్ గారిది! ఆయన బూట్ల మట్టిలో బంగాళాదుంపలు పండించుకోవచ్చు, ఆయన్ని అడగరు! నన్ను మాత్రం ఆకుకీ, దారానికీ నిలబెట్టి అడుగుతారు! నేను మీ దేశపు పిల్లనైతే అడిగేవారా?"

అక్కడితో ఆగలేదు. ఆకు దగ్గర్నుంచి అందుకుంది. మా వైపు యాసలో, మధ్యమధ్య రాపోల్డ్ దగ్గర నేర్చిన బస్సు డ్రైవర్ల తిట్లతో సహా దులిపేసింది. ఎబర్లె గారు చేతులు కట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు.

"అయిందా?"

"అయింది!"

"పదహారు నిమిషాలు. ఎక్కడా తడుముకోలేదు. మంగళవారం పరీక్ష ఎంతసేపన్నావు?"

"పదిహేను" అంది నతేలా.

"అయితే ఒక నిమిషం మిగిలింది. పలక ఇలా ఇయ్యి, ఈ వారం రాపోల్డ్‌దే."

మంగళవారం పరీక్షకులు ఈ ప్రాంతపు ఆచారం ఏదైనా చెప్పమన్నారు. నతేలా మెట్లతో మొదలుపెట్టింది. పదిహేను నిమిషాలయ్యాక వాళ్ళే బతిమాలి ఆపించారు. "భాష బాగుంది. ఈ యాస ఎక్కడ పట్టావమ్మా?" అని ఒకాయన అడిగాడు. "ఇంటి మెట్ల మీద" అంది. పాసైంది.

ఏప్రిల్‌లో మళ్ళీ తన వంతు వచ్చింది. మెట్లు తుడిచి, సమాధానాలన్నీ సిద్ధం చేసుకుని నిలబడింది. ఎబర్లె గారు కిందికి చూడకుండానే పక్కనుంచి దిగిపోయారు. నతేలా చిన్నబుచ్చుకుంది.

"ఏమీ అడగరా ఎబర్లె గారూ?"

"నిన్నా? నిన్నడిగితే ఆపేదెవరు?" ఆవిడ వెనక్కి తిరిగి గొంతు తగ్గించారు. "కింద వెనక గదిలోకి హనోయ్ నుంచి కొత్తమ్మాయి దిగింది, చూశావా? మూడు వారాలైంది. తల ఊపుతుంది గాని పలకదు. వచ్చేవారం పలక ఆ పిల్లకు వేస్తున్నాను. నా నడుము వంగడం లేదు, శనివారం నువ్వే ఆ పూలకుండీలో మట్టి కాస్త తీసి ఐదో మెట్టు మీద చల్లు."

నతేలా కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే... ఇన్నాళ్ళూ మీరేనా?"

"శుభ్రంగా ఉన్న మెట్ల మీద ఎవరైనా నిలబడి మాట్లాడతారా పిల్లా?" అని ఆవిడ సంచీ పుచ్చుకుని బజారుకు వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి వారం, శనివారం నాడు కొత్తమ్మాయి ఊడ్చి లోపలికి వెళ్ళగానే నతేలా చప్పుడు చేయకుండా దిగి వచ్చింది. ఐదో మెట్టు మీద చిటికెడు మట్టి చల్లి, వెనక్కి జరిగి చూసుకుంది. ఇంత మట్టికి ఐదు నిమిషాల కంటే ఎక్కువ మాటలు రావనిపించింది. ఆ పిల్ల చూస్తే మరీ బిడియస్తురాలు. అందుకని ఈసారి గుప్పెడు తీసింది.