లెక్కల మాస్టారి నేటి లక్ష్యం

మా హెడ్మాస్టారు రాజమండ్రిలో ఏదో ట్రైనింగుకి వెళ్ళి కొత్త జబ్బు అంటించుకుని వచ్చారు. రోజూ పొద్దున్న ప్రతి పిల్లా, ప్రతి టీచరూ ఆ రోజుకి ఒక లక్ష్యం చెప్పాలి. సాయంత్రం ఇంటిబెల్లుకి ముందు అది అయిందో లేదో తేల్చాలి. పిల్లల సంగతి టీచర్లు తేలుస్తారు, టీచర్ల సంగతి పిల్లలు తేలుస్తారు. తొంభైల చివర్లో, తణుకు దగ్గరి పల్లెటూరి హైస్కూల్లో, మాస్టారి మొహం మీదే "మీది అవలేదండి" అనే పిల్లలుంటారని ఆయన ఎలా అనుకున్నారో నాకిప్పటికీ తెలీదు.

మేం పదో తరగతి. వారం తిరక్కుండానే తెలివిమీరిపోయాం. నిన్న చేసేసిన హోంవర్కునే ఇవాళ్టి లక్ష్యంగా చెప్పేవాళ్ళం. తెలుగు మేడం కూడా అంతే, ఎప్పుడో చెప్పేసిన పద్యాన్నే మళ్ళీ లక్ష్యంగా పెట్టేవారు. అందరివీ నెరవేరిపోయేవి. హెడ్మాస్టారు మహా సంతోషంగా ఉండేవారు.

లెక్కల మాస్టారు మాత్రం రోజూ ఒకటే మాట: "ఇవాళ అందరికీ అర్థమయ్యేలా చెబుతానమ్మా." మంచి మనిషి. గొంతు పెంచరు, చెయ్యెత్తరు. బోర్డు నిండా త్రికోణమితి రాసి, చెరిపి, మళ్ళీ రాసేవారు. సాయంత్రం క్లాస్ లీడరమ్మాయి లేచి "ఆయ్, అందరికీ అర్థమైందండి" అనేది. ఆయన మొహం వెలిగిపోయేది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

నాకేమో ప్రాణం మీదకొచ్చింది. లెక్కల్లో తప్పితే చదువు మాన్పించి కొవ్వూరులో మా పిన్ని దగ్గర కుట్టుపనికి పెడతానని నాన్న చెప్పేశారు. సూదిలో దారం ఎక్కించమంటేనే నాకు ఏడుపొస్తుంది. పైగా కాలేజీకి వెళ్ళాలని ఒకటే కోరిక. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మాస్టారి లక్ష్యం మాత్రం రోజూ నెరవేరుతూనే ఉంది.

ఒక సాయంత్రం లీడరు లేవబోతుంటే ఒళ్ళు మండి నేనే లేచాను.

"అవలేదండి."

"ఏంటమ్మా అవలేదు?"

"మీ లక్ష్యమండి. నాకేం అర్థం కాలేదు."

"ఇవాళ్టి పాఠమా?"

"త్రికోణమితి మొదలెట్టినప్పటి నుంచీనండి."

లీడరు వెనక నుంచి నా జడ పట్టుకుని లాగింది. ఇంకెవరికి అర్థం కాలేదో చేతులెత్తమన్నారు మాస్టారు. ముందు ఎవరూ ఎత్తలేదు. తరవాత ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఎత్తారు. చివరికి లీడరు కూడా ఎత్తింది.

"మరి రోజూ అర్థమైందన్నావు కదమ్మా?" అని అడిగారు లీడరుని.

"మీరు బాధపడతారనండి."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. అనవసరంగా నోరు పారేసుకున్నానని భయమేసింది, ఆయన్ని చూస్తే జాలీ వేసింది. ఆయన చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టారు.

"నేను చదివింది బోటనీ అమ్మా. లెక్కల పోస్టు ఖాళీగా ఉంటే హెడ్మాస్టారు నన్ను చెప్పమన్నారు. ఆయన బాధపడతారని కాదనలేకపోయాను" అన్నారు.

మర్నాడు మా మాస్టారు పక్క ఊరి నుంచి రిటైరైన లెక్కల మాస్టారొకరిని సైకిలు వెనక ఎక్కించుకుని తీసుకొచ్చారు. ఆ పెద్దాయన పాఠం మొదలుపెట్టగానే, మా మాస్టారు స్టూలు తెచ్చుకుని నా బెంచీ పక్కన కూర్చుని రాసుకోవడం మొదలెట్టారు. మధ్యలో నావైపు వంగి "ఆ రెండో మెట్టు ఎలా వచ్చిందమ్మా?" అని గుసగుసలాడారు. పెద్దాయన బోర్డు మీంచి చూపు తిప్పకుండానే "వెనక ఎవరది, మాటలాపండి" అని గదిమారు. మా మాస్టారు "ఆయ్" అని నోరు మూసుకున్నారు.

పెద్దాయన వెళ్ళిపోయాక మా మాస్టారు నన్నడిగారు. "నాకు అర్థమైందమ్మా. నీకు?"

"సగమేనండి" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన విసుక్కోలేదు. తను తికమకపడ్డ ఆ రెండో మెట్టు దగ్గర్నుంచే మొదలుపెట్టారు. నేను తికమకపడిందీ అక్కడే. ఈసారి బుర్రకెక్కింది.

"అర్థమైందండి" అన్నాను.

ఆయన నమ్మలేదు. "ఏదీ, ఇది చెయ్యి" అని ఇంకో లెక్క ఇచ్చారు. తలొంచుకుని చేశాను. తలెత్తి చూస్తే ఆయనా అదే లెక్క చేస్తున్నారు. ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఒకటే. ఇంక నన్ను కొవ్వూరు పంపడం మా నాన్న తరం కాదనుకున్నాను. "అమ్మయ్య" అని మాత్రం నాకంటే ముందు మాస్టారే అన్నారు.