రెండు గుంపుల సారు

రాజగోపాల సారుకు ఒకటే జబ్బు. ఏది కంటపడినా రెండు గుంపులు చెయ్యందే ఆయనకు అన్నం సహించదు. ఒక గుంపుకు మందివ్వాలి, రెండో గుంపుకు ఇవ్వకూడదు. నెల గడిచాక రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేగాని మందు పనిచేసిందో, మనిషి భ్రమ పనిచేసిందో తెలియదంటారు.

మద్రాసులో సైకాలజీ చదివి, 1956లో రాజపాళయం నూలు మిల్లు ఒకదానిలో కార్మికుల బాగోగులు చూసే ఆఫీసరుగా చేరారు. ఆయన పరీక్షలకు లెక్కలు రాసే గుమాస్తా గురుసామి. మిల్లంతా చాటుగా "రెండు గుంపుల సారు" అని నవ్వుకుంటుంటే, గురుసామి ఆ రెండు గుంపుల మధ్యా నలిగిపోతుండేవాడు.

ఇంట్లో భార్య మంగళానికి రెండు మోకాళ్ళూ పట్టేస్తే సారు ఎడమ మోకాలికే నూనె రాశారు. కుడిది పోల్చి చూడడానికట. నొప్పి రెంటికీ ఉంటే నూనె ఒకదానికేనా అని ఆవిడ మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. వానలు వెలిసి రెండు మోకాళ్ళూ ఒకేసారి నయమయ్యేసరికి, నూనె సంగతి తేలలేదే అని సారు రెండు రోజులు దిగులుపడ్డారు.

ఆఫీసు బల్లమీద సున్నపు పిండితో చేసిన మెదడు బొమ్మ ఒకటుండేది. కొబ్బరి చిప్పల్లా రెండుగా ఊడివస్తుంది. చూపు ఎక్కడిది, మాట ఎక్కడిది అని పనివాళ్ళకు వేలు పెట్టి చూపించేవారు. ఆయుధపూజ నాడు వాళ్ళు కదుర్లకూ కత్తెర్లకూ గంధం కుంకుమ పెడుతూ, సారు పనిముట్టు ఇదే కదా అని మెదడుకూ రెండు పక్కలా నిండుగా పెట్టేశారు. సారు తల పట్టుకున్నారు.

"ఒక పక్క విడిచిపెట్టి ఉండాల్సింది కదా. ఇప్పుడు పూజ ఫలం ఎట్ల తెలిసేది?" అన్నారు.

గుంపులు చేసేది మాత్రం చీటీలతోనే. మనిషి చెయ్యి ఎంచితే మనసు తనకు కావలసినవాళ్ళ వైపే లాగుతుందని, అదీ మనకు తెలియకుండా లాగుతుందని ఆయన సిద్ధాంతం. కొత్త కుర్చీల పరీక్షలో చీటీ రాలేదని, నడుం నొప్పితో మూలిగే సొంత బావమరిదిని మూడు నెలలు పాత బల్లమీదే కూర్చోబెట్టిన మనిషి.

అట్లాంటి సారు చేతిలో గురుసామి అక్క పాపాత్తి బతుకు పడింది. ఆమె రీలింగు విభాగంలో నూలును చిలపలుగా, అంటే కట్టలుగా, చుట్టేది. మొగుడు పోయినప్పటినుంచి చేతులు సాగడంలేదు. ఇద్దరు పిల్లలు. నెలాఖరుకు చిలపల లెక్క పెరగకపోతే ఇంటికి పంపేస్తానని మేనేజరు పాండురంగన్ చెప్పేశారు.

తప్పు మనిషిదా, చోటుదా అని సారు పరీక్ష పెట్టారు. విభాగంలో పన్నెండుమంది ఆడవాళ్ళు. ఆరుగురికి కిటికీ దగ్గర వెలుతురులో చోటు, మూడు గంటలకు టీ, పది నిమిషాలు విశ్రాంతి. తక్కిన ఆరుగురూ ఎప్పటిలా చీకటి మూలనే. మద్రాసు చదువంటే మేనేజరుకు లోలోపల జంకు, అందుకని సరేనన్నారు.

చీటీలు రాసింది గురుసామే. అక్క చీటీకి ఒక మూల మడిచి గుర్తుపెడదామని చెయ్యి లాగింది. బావమరిది నడుం గుర్తొచ్చి మానుకున్నాడు. పన్నెండు చీటీలూ ఇత్తడి చెంబులో వేశాడు.

కిటికీ గుంపు కోసం సారు ఐదు తీశారు. పాపాత్తి పేరు రాలేదు. ఆరో చీటీ విప్పి సారు చాలాసేపు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "పాపాత్తి" అని చదివి, చీటీని జేబులో వేసుకున్నారు. గురుసామి తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి కిటికీ గుంపు చిలపలు పెరిగాయి, పాపాత్తివీ పెరిగాయి. ఆమె ఉద్యోగం నిలబడింది. మేనేజరు మురిసిపోయి పన్నెండుమందికీ టీ ఇవ్వమన్నారు, మూలనున్న బల్లలను కూడా కిటికీలవైపు జరిపించారు.

ఆ మధ్యాహ్నం చెంబు కడగబోతూ, అడుగున మిగిలిన చీటీలు విప్పి చూశాడు గురుసామి. వాటిలో ఒకటి పాపాత్తిది. నేరుగా సారు ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"సార్, మా అక్క చీటీ చెంబులోనే ఉండాది."

సారు జేబులోంచి నలిగిన చీటీ తీసి బల్లమీద పెట్టారు. దానిమీద చీకటి మూల గుంపులో మిగిలిపోయిన నాచ్చియార్ పేరు ఉంది.

"కళ్ళు నాచ్చియార్ అనే చదివినాయి గురుసామీ. నోరు పాపాత్తి అనింది. మెదడులో ఏ పక్క చేసిన పనో నెలగా ఆలోచిస్తా ఉన్నా, తెలియలే."

గురుసామి దండం పెట్టబోతే సారు విసుక్కున్నారు. పరీక్ష చెడిపోయింది, చెల్లదని రిపోర్టులో రాయమన్నారు. రాశాడు. మేనేజరు ఏ రిపోర్టయినా అట్ట వరకే చదువుతారు కాబట్టి భయం లేదు.

"మళ్ళీ మొదటినుంచి చేస్తామా సార్?"

సారు కిటికీలోంచి చూశారు. పన్నెండుమందీ గ్లాసులు పట్టుకుని కబుర్లాడుకుంటున్నారు.

"ఎట్ల చేసేది? టీ తాగని గుంపు ఏదిరా ఇప్పుడు?" అని నవ్వేశారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, చలికి మళ్ళీ పట్టేసిన మంగళం మోకాళ్ళకు, రెంటికీ, నూనె రాశారు. ఆవిడ నొప్పి మరిచిపోయి హడలిపోయింది. మొగుడి నుదురు తాకి చూసి, పక్కింటి పుష్పాన్ని డాక్టరు కోసం పంపింది.