పాక్ సుగెంగ్ పొట్ట కింద అప్పడం

నడుము జారేసే మనుషులంటే బు లస్త్రికి ఒళ్లు మంట. ఇండోనేషియాలోని క్లాటెన్‌లో, సోయా గింజలు పులియబెట్టి చేసే టెంపే అమ్ముకు బతికే ఆమె ప్రతి ఆదివారం పొద్దున్నే మైకు పట్టుకుని సందంతటి చేతా కసరత్తు చేయిస్తుంది. చివర్లో ప్లాంక్. మోచేతులు సరిగ్గా భుజాల కింద ఉండాలి, తల నుంచి మడమల దాకా ఒకటే గీతలా ఉండాలి, పొట్ట, పిర్రలు బిగించాలి, ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. ఇంత చిన్న సంగతి ఏళ్ల తరబడి చెప్పినా ఎక్కని బుర్రల మీద ఆమెకు జాలి కూడా లేదు.

"బు యాతీ, అది ప్లాంకా, పిర్రలు ఎండబెట్టుకుంటున్నారా?" అని మైకులోనే అడిగేస్తుంది. పేరు ముందు ఆడవాళ్లకు బు, మగవాళ్లకు పాక్ తగిలించే మర్యాద మాత్రం తప్పదు. భర్త పోయాక ఆమెకు మిగిలిన గౌరవమల్లా ఆ మైకే.

దాన్ని లాక్కుని తన కోడలికి ఇప్పించాలని సందు పెద్ద పాక్ సుగెంగ్ ఆరాటం. ఆగస్టు పదిహేడు స్వాతంత్ర్య దినం పోటీల్లో ఈసారి ప్లాంక్ చేర్పించి, తన పేరే ముందు రాయించుకున్నాడు.

"నేను గెలిచాక ఆ మైకు ఎవరి దగ్గరుండాలో మాట్లాడుకుందాం, బు," అన్నాడు నవ్వుతూ.

గెలుస్తాడని అందరికీ తెలుసు. ఆయన పొట్ట చాపకు ఆనుకుని హాయిగా పడుకున్నా, "ఎంత బాగా పట్టారు, పాక్!" అనే జనమే అంతా. మొహమాటం పేరుతో వెన్నెముక తీసి గూట్లో పెట్టుకున్న మనుషులు. ప్లాంక్ వీళ్లకెలా వస్తుంది?

ఆ రోజు దారాలకు వేలాడదీసి నోటితో కొరికించే పోటీకి తెచ్చిన క్రుపుక్ అప్పడాల్లోంచి కొన్ని లస్త్రి తెచ్చింది. ఒక్కొక్కరి పొట్ట కింద ఒక్కోటి పెట్టింది.

"విరిగితే అవుట్. నేను నోరెత్తను, అదే చెబుతుంది."

ఒక్కొక్కరే కూలబడ్డారు. చివరికి సుగెంగ్, ఆయన పక్కన ఆయన భార్య వార్తినా మిగిలారు. కసరత్తులో ఎప్పుడూ వెనక వరసలో నిలబడే మనిషి, ఆమె నడుము మాత్రం గీత గీసినట్టుంది.

ఫటేలుమంది సుగెంగ్ పొట్ట కింద. గడియారం పట్టుకున్నాయన ఆకాశంలోకి చూశాడు. వార్తినా మెల్లగా మోకాళ్లు దించేసింది. ఆమె అప్పడం చెక్కు చెదరలేదు.

"నావల్ల కాదు, ఓడిపోయాను," అంది తల వంచుకుని.

అందరూ చప్పట్లు కొట్టారు. లస్త్రి సుగెంగ్ చాప మీది అప్పడం ముక్కలు ఎత్తి చూపించింది.

"మెత్తబడ్డ అప్పడం కదండీ, అందుకే విరిగింది," అన్నాడు ఒకడు.

"మెత్తబడితే వంగుతుంది, విరగదురా దద్దమ్మా!"

బహుమతిగా అన్నం వండే కుక్కర్ సుగెంగ్‌కి వెళ్లింది. మైకు కోడలికి వెళ్లింది.

తర్వాతి ఆదివారం సందు చివర కోడలి కసరత్తు పాటలు మోగుతుంటే, లస్త్రి తన వాకిట్లో ఒంటరిగా చాప పరిచింది. ఛీ, ఇలాంటివాళ్ల కోసమా ఇన్నేళ్లు గొంతు చించుకున్నాను అనుకుంది. ఇంతలో గేటు చప్పుడైంది. వార్తినా. చేతిలో రేకు డబ్బా, అందులో పోటీనాటి తన అప్పడం.

"ఆ రోజు మోకాళ్లెందుకు దించారు?" అని కసిరింది లస్త్రి.

"ఆయనతో ఇంటికి వెళ్లాల్సింది నేనే కదా, బు."

వార్తినా అప్పడాన్ని చాప మీద పెట్టి, పొట్ట సరిగ్గా దాని పైకి వచ్చేలా మోచేతులు ఆనించి ఒళ్లు నిలిపింది. లస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది.

"కొంచెం జారుతోంది. ఎత్తండి."