క్యాబేజీ పీపాలో గుర్రపు రౌతు

చలికాలంలో వెలికా ఇంటి తలుపుకి గొళ్లెం పెట్టేది కాదు. పెడితే రోజంతా తీయడంతోనే సరిపోతుంది. ద్రేనక ఊళ్లో, ఒగోస్తా ఏటి వైపు దిగే ఆ సందులో ఉన్నవాళ్లంతా డిసెంబరు రాగానే ఏదో ఒక గిన్నె పట్టుకుని ఆమె గుమ్మం ఎక్కేవారు. ఇంట్లో పీపాలున్నా, ఆ రుచి రాదని ఆడవాళ్లు ఊరిన క్యాబేజీ కోసం వచ్చేవారు. ముందురోజు ప్లమ్ సారా కాస్త ఎక్కువైన మగవాళ్లు క్యాబేజీ ఊట కోసం వచ్చేవారు. బల్గేరియాలో తలనొప్పికి అంతకు మించిన మందు లేదు. వచ్చినవాళ్లు ఊరికే పోయేవారా? పొయ్యి దగ్గర కూలబడి, బూట్లు ఆరబెట్టుకుని, ఊళ్లో లేనివాళ్ల గురించి నాలుగు మాటలనుకుని మరీ లేచేవారు.

భర్త గెంచో పోయాక కూడా ఆమె పీపా చిన్నది చెయ్యలేదు. ఎదురింటి స్టోయ్నా ఏటా ఒకటే అడిగేది.

"ఒక్కదానివి. నీకెందుకే ఇంత పీపా?"

"నేను తినడానికటే? మీరు రావడానికి," అనేది వెలికా.

ఆ మాట నవ్వుతూనే అనేది గానీ అందులో అబద్ధం లేదు.

పీపా నింపడం ఆమె అత్తగారి దగ్గర నేర్చుకున్న పని. అడుగున మొక్కజొన్న కంకులు, వాటి మీద మొదలు తొలిచి ఉప్పు దట్టించిన క్యాబేజీలు, రంగు కోసం మధ్యలో బీట్‌రూట్ ముక్క. అన్నిటి మీదా అడ్డంగా రెండు కర్రలు, వాటి మీద రాయి. అది పలకలా ఉండే నల్లటి గట్టి రాయి. ఒక పక్క నున్నగా ఉంటుంది, రెండో పక్క గడ్డలు గడ్డలుగా ఉంటుంది. గడ్డల వైపు కిందకి పెడితే కర్రల మీద జారదని అత్తగారు చెప్పింది. కొట్టంలోని చీకట్లో ఏటా ఉప్పేసి రుద్ది కడిగేటప్పుడు ఆ గడ్డలన్నీ వెలికా అరచేతికి తగిలేవి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది ఆమె చేతికి తెలుసు. కంటికి తెలియదు.

ఒక ఏడు శరత్కాలంలో ఊరి గ్రంథాలయానికి నూరేళ్లు నిండాయి. గ్రంథాలయం చూసుకునే త్స్వెతెలీనాకు పండగ కోసం ఒక ఆలోచన వచ్చింది. ఇంటికో పాత వస్తువు తెస్తే, పెద్ద గదిలో అక్టోబరు చివర్లో వచ్చే దిమిత్రి పునీతుడి పండగ దాకా మ్యూజియం పెడదామంది. అప్పటిదాకా ఎవరి ఇంట్లోనూ పాత వస్తువనేదే లేదు, ఉన్నవన్నీ పనికిరాని సామానే. ఆమె అడిగిందో లేదో ఊరంతా పురాతనమైపోయింది. తోడేలు పన్ను కట్టిన ఉయ్యాల వచ్చింది. తూటా దూసుకుపోయిన క్లారినెట్ వచ్చింది. సీసాలో రెండు తోకల బల్లి వచ్చింది. పక్క సందు నైదెన్, వడగళ్లకు చిల్లులు పడ్డ బకెట్టు తెచ్చి, "ఇది చరిత్ర," అని బల్ల మధ్యలో పెట్టాడు. స్టోయ్నా అయితే రాగి పళ్లెం, పెళ్లి నడికట్టు, అగ్గిపెట్టెలో వాళ్ల తాత బంగారు పన్ను తెచ్చి మూడు చోట్లు ఆక్రమించింది.

వెలికా అత్తవారిల్లు ఒకసారి కాలిపోయింది కాబట్టి ఆమె దగ్గర పాతదేదీ మిగల్లేదు. నలుగురూ నవ్వుకుంటారని పీపా రాయిని చక్రాల బండిలో వేసుకుని తోసుకొచ్చింది.

"ఇది మా అత్తగారి రాయి. పళ్లూ తోకలూ లేవు, బరువు మాత్రం ఉంది," అంది.

త్స్వెతెలీనా దాన్ని పెరట్లో నీళ్ల గొట్టంతో కడిగి, బ్రష్షుతో తోమి, కిటికీ పక్క గోడకి ఆనించింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడింది. గడ్డలన్నీ కలిసి గుర్రమయ్యాయి. గుర్రం మీద రౌతు, వెనక్కి ఎగురుతున్న అంగీ, కాళ్ల కింద ఏదో జంతువు.

"వెలికా అవ్వా, ఇలా రా," అంది త్స్వెతెలీనా, గొంతు తగ్గించి.

వెలికా వచ్చి చూసి, కళ్లు మూసుకుని, అరచేయి రాయి మీద వేసింది. "ఇదా నువ్వు," అంది. ఇన్నేళ్లూ ఆమె రుద్దింది గుర్రం మెడని.

మర్నాటికి ఆ రాయి ముందు కొవ్వొత్తి వెలిగింది. ఆ మర్నాటికి తువ్వాళ్లు, కొత్త ఊలు మేజోళ్లు కానుకగా వచ్చాయి. గుర్రం మీదున్నాడు, కింద జంతువుని తొక్కుతున్నాడు, చర్చి పటాల్లో ఉండే గెయోర్గి స్వామి కాక ఇంకెవరు? ఆడవాళ్లు వరసలో నిలబడి ముద్దు పెట్టుకుంటున్నారు. వెలికాని చూడగానే స్టోయ్నా నడుం మీద చేతులు వేసుకుంది.

"వడగళ్లు ఎందుకు పడ్డాయో ఇప్పుడు తెలిసింది! స్వామిని బోర్లా పడుకోబెట్టి ఉప్పునీళ్లలో ముంచుతావుటే?"

"నువ్వేగా ఆ ఉప్పునీళ్లు జుర్రుకున్నావు. పాపంలో నీకూ సగం వాటా ఉంది."

"నాకేం తెలుసు లోపలెవరున్నారో!"

"నాకు మాత్రం తెలుసా? ఒక్కసారైనా దగ్గాడా?"

అందరూ గొల్లుమన్నారు. మూలనున్న నైదెన్ మాత్రం నవ్వకుండా, "అయితే ఆ రుచి అందుకన్నమాట," అన్నాడు.

నవ్వుతున్నవాళ్లంతా రాయి వైపు తిరిగారు. తర్వాత ఒక్కొక్కరే గబగబా ఇంటికి బయల్దేరారు. చీకటి పడకముందే తిరిగొచ్చారు, ఎవరి పీపా రాయి వాళ్లు మోసుకుని. వాటిని గెయోర్గి స్వామికి తాకించి, శిలువ గీసుకుని, ఆ మహిమ బాగా ఇంకాలని అక్కడే వదిలి వెళ్లారు. త్స్వెతెలీనా మొదట తల పట్టుకుంది. తర్వాత, ఎలాగూ ఆపలేనని తెలిసి, రాళ్లన్నీ గోడ పొడుగునా వరసగా పేర్చి చీటీలు అంటించింది. పక్క ఊళ్లవాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. బంగారు పన్ను వైపు ఒక్కరు చూస్తే ఒట్టు. స్టోయ్నాకి అదొక్కటే బాధ.

ఫాదర్ మినా వచ్చి కోప్పడ్డాడు. "దేవుడో దెయ్యమో తెలీని రాయికి ముద్దులేమిటమ్మా?" అని కొవ్వొత్తులు ఊదేశాడు. వెళ్లబోతూ, ఎవరూ చూడటం లేదనుకుని, తనూ గబుక్కున శిలువ గీసుకున్నాడు.

జిల్లా మ్యూజియం నుంచి లచెజార్ అనే పెద్దమనిషి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసి, ఇది క్రీస్తుకి ముందునుంచీ ఈ నేల మీద త్రేసియన్లు అనే పాత జనం కొలిచిన గుర్రపు దేవుడన్నాడు.

"ఏ పేరైతేనేంలే నాయనా, గుర్రం అదేగా," అంది ఒక ముసలామె.

"అదేనమ్మా," అని ఆయనా నవ్వేశాడు. ఆ తర్వాత వెలికా వైపు తిరిగి, ఇలాంటి పాతరాయి ప్రభుత్వానిదనీ, పండగ కాగానే బండి వస్తుందనీ మెల్లగా చెప్పాడు.

"మరి నా క్యాబేజీ?"

ఆయన తీవ్రంగా ఆలోచించాడు. "క్యాబేజీ మీదేనండి," అన్నాడు.

ఆ మాట వెలికా ఊరంతా చెప్పి నవ్వించింది. కానీ ఇంటికొచ్చి వసారాలో పోగుపడ్డ క్యాబేజీలను చూస్తే నవ్వు రాలేదు. పై ఆకులు పసుపు తిరుగుతున్నాయి. రాయి ఏట్లో దొరుకుతుంది, దాని గురించి కాదు ఆమె దిగులు. ఈసారి అందరి రాళ్లకీ స్వామి మహిమ అంటింది. ఎవరి పీపాలో వాళ్లకే ఆ రుచి వస్తే, ఇక గిన్నె పట్టుకుని తన గుమ్మం ఎవరెక్కుతారు? గెంచో పోయిన ఏడు ఆ గిన్నెల చప్పుడే ఆమెను లేపి నిలబెట్టింది.

పండగ కాగానే ఎవరి రాళ్లు వాళ్లు ఇంటికి మోసుకుపోయారు. మ్యూజియం బండి వచ్చిన రోజు వెలికా తన రాయిని మరోసారి ఉప్పేసి కడిగింది. గుర్రం మెడ దగ్గర ఇంకాస్త ఎక్కువ రుద్దింది. అది వెళ్లిపోయాక తన ఖాళీ చక్రాల బండి తోసుకుంటూ ఏటి దారి పట్టింది.

"ఎక్కడికే?" అని కేకేసింది స్టోయ్నా.

"మ్యూజియానికి."

స్టోయ్నా అర్థం చేసుకుని, చెప్పులు మార్చుకుని వెనకే వచ్చింది. ఇద్దరూ లంగాలు ఎగదోపుకుని చల్లటి నీళ్లలో దిగారు.

"ఇది చూడవే, ఎంత ముద్దొస్తోందో!" అంది స్టోయ్నా.

"గుండ్రంగా ఉంది, దొర్లిపోతుంది. నీ మొగుడిలా."

"నా మొగుణ్ణి ఏమీ అనకు, మోయాల్సింది నేను."

నవ్వి నవ్వి స్టోయ్నా ఏట్లో చతికిలబడింది. చివరికి ఒక బల్లపరుపు రాయి దొరికింది. దాని మీద గుర్రం లేదు, రౌతు లేడు, ఒక గీతైనా లేదు.

వెలికా పీపా నింపింది. ఇక ప్రతి ఉదయం ఊట తిప్పడం. కింది కొళాయిలోంచి ఊటంతా బిందెలోకి పట్టి మళ్లీ పైనుంచి పోయాలి. నడుం విరిగే పని. తప్పితే అడుగున జిగురు పట్టి పీపా అంతా కంపు కొడుతుంది. ఊళ్లో ఆ సంగతి తెలియని ఆడది లేదు. కానీ ఆ ఏడు స్వామి తాకిన రాయి పైన కూర్చుని ఉండగా అంత కష్టం ఎందుకనిపించింది వాళ్లకి. ఒకరిని చూసి ఒకరు మానేశారు. "ఆయన చూసుకుంటాడులే," అనుకున్నారు.

డిసెంబరు మొదట్లో నికొలా పునీతుడి పండగకి ఊరంతా చేపలు కాల్చుకు తిని సారా తాగింది. మర్నాడు పొద్దున్నే పీపాల మూతలు తీశారు. ఆ వాసన సందు చివరిదాకా వెళ్లింది.

వెలికా పొయ్యి రాజేస్తుంటే తలుపు కదిలింది. ఫాదర్ మినా. ఒక చేయి నుదుటి మీద, ఇంకో చేతిలో కూజా.

"ఊట ఉందా తల్లీ?"

"ఉందండి. కానీ ఫాదర్, ఈ రాయి మీద ఎవరూ లేరు."

"లేకపోతే మరీ మంచిది. కూజాలో పొయ్యమ్మా."

ఆయన వెనక నైదెన్ చిల్లుల్లేని బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక ఇంకా ఎవరెవరో. అందరికన్నా వెనకనుంచి స్టోయ్నా గొంతు వినిపించింది.

"కొంచెం లోపలికి జరగండి ఫాదర్, గుమ్మమంతా మీరే ఉన్నారు!"

"బూట్లు దులుపుకుని రండి," అని అరిచింది వెలికా. గరిటె ఎక్కడ పెట్టిందో గుర్తు రాక వంటిల్లంతా వెతుకుతోంది.