ఆకురాయి అందించే మనిషి

ఉదయగిరిలో నగ్మా కొయ్య గరిటెలకు మంచి గిరాకీ. ఆమె చెక్కి ఆకురాయితో అరగదీస్తుంది, సుజాత గరుకు కాగితంతో నునుపు చేస్తుంది. ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఒకరికొకరు ఏమవుతారని మేమెవరమూ అడగలేదు. ఎదురుగా అడగకపోవడం మా ఊరి మర్యాద, వెనక చెవులు కొరుక్కోవడం కాలక్షేపం. కొనడానికి వచ్చినవాళ్లు అడిగితే నగ్మా తలెత్తకుండా "మా హెల్పర్" అనేది. ఆ మాట వింటే సుజాతకు ఒళ్లు మండేది. ఒక్క మనిషి ముందైనా ఉన్నది ఉన్నట్టు చెప్పమని పోరేది.

"చెప్తాలే," అనేది నగ్మా.

హైదరాబాదు నుంచి నవ్యశ్రీ అనే అమ్మాయి వచ్చి ఈ కొయ్య పని మీద చిన్న సినిమా తీసుకెళ్లింది. కొన్నాళ్లకు ఫోన్ చేసింది. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లవీ, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లవీ కథలతో అక్కడ సినిమా పండగ జరుగుతోందట. తప్పక చూడాల్సిన సినిమాలని వేసిన జాబితాలో వీళ్లదీ ఉందట. వద్దంటే తీసేయిస్తానంది.

"గరిటెల సినిమాని దాంట్లో ఎందుకు పెట్టినారు?" అంది నగ్మా.

"మీరు చూడకుండా చెయ్యి చాపుతారు, సుజాతాంటీ అందులో ఆకురాయి పెడుతుంది. సినిమాలో ఎక్కువ అదే ఉంది ఆంటీ."

ఫోన్ స్పీకర్లో ఉంది. "వేసుకోమ్మా," అంది సుజాత.

నగ్మాకు తెలిసిన పండగలు ఎగ్జిబిషన్లే. సుజాతతో కలిసి సంచుల నిండా గరిటెలు హైదరాబాదుకు మోసుకెళ్లి, స్టాలెక్కడని హాలు గుమ్మంలో అడిగింది. పాపం, వాళ్లు బల్ల వేసిచ్చారు. సరుకంతా అమ్ముడుపోయింది. సినిమా అయ్యాక ఇద్దరినీ స్టేజీ ఎక్కించి, "ఈవిడ మీకేమవుతారు?" అని ముచ్చటగా అడిగారు.

"మా హెల్పర్," అంది నగ్మా మైకులో.

అంతమందిలో, అన్నీ తెలిసిన ఆ హాల్లో కూడా అదే మాట. ఆమెను ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

తిరుగు ప్రయాణంలో నెల్లూరులో ఉదయగిరి బస్సెక్కారు. అక్కడికి పని మీద వెళ్లిన నేను వెనక సీట్లో ఉన్నాను. సుజాత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దారిలో సంగం ఊళ్లో బస్సు ఆగగానే సంచి తీసుకుని లేచింది.

"మా అక్క కాడికి పోతా ఉండాను. హెల్పర్లు నీకు దొరకతార్లే," అని ఫుట్‌బోర్డు మీదికి వెళ్లింది.

మా వీధి టైలరు ఖాజావలి ముందు సీట్లోంచి తిరిగి చూశాడు. "ఏంది నగ్మా ఆపా, హెల్పర్ దిగిపోతా ఉండాది?"

నగ్మా రాడ్డు పట్టుకుని లేచింది.

"హెల్పర్ కాదు ఖాజావలీ. నా మనిషి. ఆలుమొగుళ్లు ఎట్లుంటారో అట్లా ఉండాము మేము. ఆమె దిగిపోతే నేను బతకలేను."

బస్సంతా మా ఊరివాళ్లే.

"దిగతావా, ఎక్కతావామ్మా?" అన్నాడు కండక్టరు.

సుజాత కళ్లు తుడుచుకుంది. "ఇంకోసారి చెప్పమను. వెనక సీట్లోళ్లకి వినబడలా."

నాకు మొదటిసారే వినబడింది. అయినా నోరు మెదపలేదు. నగ్మా మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా.