ఎడమ పక్కన పడుకునే పిల్ల

1986 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో నేను థియేటర్ నర్సుని. మిర్చి సీజన్‌లో మా వరండా అంతా తుమ్ములే!

మరియమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషి. చిన్నప్పట్నుంచి చీము కారి కారి ఎడమ కర్ణభేరికి పెద్ద చిల్లు పడింది.

"మా గ్రేసు ఆ పక్కనే పడుకుంటదమ్మా. ఆ చెవిలోనే గుసగుసగా ఏందో చెప్తది. నేను ఊఁ కొడతా. ఒక్క ముక్క వినపడి చావదు," అంది. ఆరేళ్ల కూతురు చెప్పేది వినాలి. అంతే ఆమె కోరిక.

చెవి పైన కండరం మీది పల్చటి పొర తీసి చిల్లుకి అతికే ఆపరేషన్‌ని టింపనోప్లాస్టీ అంటారు. మా పెద్ద డాక్టరుగారిది ఓవర్‌లే పద్ధతి. చిరిగిన గోతానికి బయటినుంచి మాసిక వేసినట్టు, పొరను కర్ణభేరి పైన పరుస్తారు. అలాగే చేశారు. మూడో వారానికి మాసిక లేచిపోయింది.

"యార్డుకి పోయావా?" అని కేకలేశాను.

"ప్రమాణంగా పోలేదు సిస్టరుగారూ. ఇంట్లోనే ఉన్నా. తుమ్ములు ఆగలా."

ఆమె భర్త అదే యార్డులో బస్తాలు మోస్తాడు. ఒంటినిండా కారం ఘాటుతో ఇంటికొస్తాడు. ఆమెని యార్డుకి పోవద్దన్నాం గాని, యార్డే ఇంటికొస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

తుమ్మితే ముక్కులోంచి గాలి కర్ణభేరి వెనక్కి వెళ్లి మాసికని బయటికి తోస్తుంది. అందుకని చెవి ఆరాక, చిన్న డాక్టరుగారు ఈసారి అండర్‌లే చేద్దామన్నారు. అంటే మాసిక లోపలివైపు వెయ్యడం. గాలి తోసినా అది కర్ణభేరి అంచుకే ఒత్తుకుంటుంది. పెద్దాయన కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

ఆపరేషన్ అయ్యాక మరియమ్మని కారం ఘాటు తగలకుండా ఆరు వారాలు సముద్రపొడ్డున వాడరేవులో వాళ్లక్క ఇంటికి పంపాం. అప్పటికి బడులు తెరిచారు, అందుకని గ్రేసు నాయనమ్మ దగ్గర ఉండిపోయింది. చెకప్‌కి వచ్చినప్పుడల్లా మరియమ్మది ఒకటే మాట.

"పిల్ల మీద బెంగగా ఉందమ్మా. ఒక్క పూట ఇంటికి పోయొస్తా."

"చెవి కావాలా, వద్దా?" అని కసిరేదాన్ని. నా నోరే అంత.

మాసిక నిలిచింది. చిన్న డాక్టరుగారు ఆమె కుడి చెవి మూసి, వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెబితే అన్నీ తిరిగి చెప్పింది. ఆరోజు నాయనమ్మ గ్రేసుని వెంటబెట్టుకొచ్చింది. మరియమ్మ కూతుర్ని ఒళ్లోకి లాక్కుని ఎడమ చెవి ఒగ్గింది.

"చెప్పవే, ఇప్పుడు వింటా."

గ్రేసు గబుక్కున కుడివైపుకి జరిగింది. "ఆ చెవి దగ్గరికి పోగూడదు. పోతే పగిలిపోద్దంట. నాయనమ్మ చెప్పింది."

ఆపరేషన్ రోజున నాయనమ్మకి ఆ మాట చెప్పింది నేనే. మరియమ్మ ఏడుస్తుంటే నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. "బాగైపోయింది తల్లీ, ఏం కాదు," అని ఎంత బతిమాలినా ఆ పిల్ల తల అడ్డంగానే ఊపింది.

అప్పట్నుంచి 'వద్దు' అని ఎంత గట్టిగా చెబుతానో, 'ఇక ఫర్వాలేదు' అని కూడా అంత గట్టిగా చెబుతాను, ఇంట్లో పిల్లల్ని కూడా పిలిపించి మరీ. మరియమ్మ మళ్లీ రాలేదు. చెవి బాగున్నవాళ్లు ఎందుకొస్తారు? గ్రేసు తిరిగి ఎడమ పక్కన పడుకుందో లేదో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.