కదలని తొంభై నిమిషాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, సూరత్‌లో నేను పనిచేసే ఆసుపత్రిలో నన్ను పరిశోధన స్కాన్లకు మార్చారు. అప్పటికి నేను న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చీఫ్ టెక్నాలజిస్టుని. పదవీ విరమణకు మూడేళ్లుంది.

మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే పదార్థాల్లో సెరటోనిన్ ఒకటి. ఆ కబురు అందుకునే చోట్లను గ్రాహకాలంటారు. వాటికి అతుక్కునే మందుకు రేడియోధార్మిక ఫ్లోరిన్ చేర్చి, అతి కొద్దిగా నరంలోకి ఎక్కించి పెట్ స్కాన్ తీస్తే, బతికున్న మనిషి మెదడులో అవి ఎక్కడున్నాయో బొమ్మ కడుతుంది. మందు శక్తి రెండు గంటల్లోపే సగమవుతుంది కాబట్టి తయారైన పూటే వాడాలి. తొంభై నిమిషాలు తల కదలకూడదు, నిద్రపోకూడదు.

మొదటి ఇద్దరు వాలంటీర్లూ కదిలారు. మూడోదీ పాడైతే పని ఆపేద్దామన్నారు మా డాక్టర్ మేడం.

మూడో మనిషి నర్సయ్య. డిండోలిలో కాపురం, ఉధ్నాలో మరమగ్గాల పని. మేడం హిందీలో వివరిస్తుంటే ప్రతి మాటకూ "హా జీ" అన్నాడు. నేనూ ఉధ్నా మగ్గాల ఇళ్లలో పెరిగినవాణ్ణే. అర్థంకాని చోట వలసొచ్చిన మా తెలుగువాళ్లు అనే మాట అదేనని తెలుసు. మేడం అనుమతితో సమ్మతి పత్రం పక్కన పెట్టి తెలుగులో మొదలుపెట్టాను.

"నా మనసులున్న ముచ్చట అండ్ల కనిపిస్తదా సారూ?" అని అడిగాడు.

కనిపించదన్నాను. ఎందుకొచ్చావని అడిగాను.

"మా తమ్మునికి మనసు బాగుండది. మూడేండ్ల సంది మందులు మింగుతున్నడు. గా మందు తలకాయల యాడికి వోతదో సూద్దామని."

ఈ స్కాన్‌తో తమ్ముడికి నయం కాదని, ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్లిపోవచ్చని చెప్పాను. "ఎరికే. ఎవరో ఒకరు పండాలె గద," అని సంతకం చేశాడు.

నలభయ్యో నిమిషంలో, అవసరమైతే నొక్కమని అతని చేతికిచ్చిన గంట మోగింది. తెరమీద తల కదలికను చూపే గీతకేసి చూశాను. మైకులో ఏమైందన్నాను.

పెదవులు తప్ప ఏదీ కదలకుండా జవాబిచ్చాడు: "నిద్రొస్తంది సారూ. జర ముచ్చట పెట్టుండ్రి. నవ్విచ్చేటియి వద్దు, తల కదుల్తది."

మిగిలిన యాభై నిమిషాలూ నవ్వురాని కబుర్ల కోసం వెతుక్కున్నాను. ఖటోదరా మిల్లుల పేర్లు వరసగా చెప్పాను. ఉధ్నా స్టేషన్‌లో ఆగే రైళ్లు చెప్పాను. పక్కన మందు తయారుచేసే కెమిస్టు నోరు మూసుకుని నవ్వుతూ బయటికి పరుగెత్తాడు. తెరమీద కదలిక గీత మాత్రం తిన్నగా సాగింది.

సాయంత్రానికి బొమ్మ వచ్చింది. మెదడు కాండం నడుమ చిన్న చుక్క, రెండు పక్కలా జ్ఞాపకాల భాగం వెలిగాయి. ఈ గ్రాహకాలు దాదాపు లేని చిన్నమెదడు చీకటిగా ఉంది. ఉండవలసినట్టే ఉంది. మేడం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

మర్నాడు నర్సయ్య భార్యను తీసుకొచ్చి ఆ బొమ్మ చూపించాడు. ఆమె తెరను చాలాసేపు చూసి, "ఇంత సక్కగున్నదా నీ బుర్ర? ఇంట్ల ఎన్నడు కనవడలే," అంది. ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ తర్వాత నేను దిగిపోయేదాకా ఒక పద్ధతి పాటించాను. మేం చెప్పినదాన్ని వాలంటీరు తన భాషలో, తన మాటల్లో మాకు తిరిగి చెప్పాకే సంతకం తీసుకునేవాణ్ణి. దానికి అరగంట అదనంగా పట్టేది. తలపట్టీ బిగించడం కంటే ఆ అరగంటే ఎక్కువ పనిచేసింది.